సున్నితమైన వస్తువులకు లో-ప్రెజర్ బ్లాస్టింగ్ మెషీన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లాస్టింగ్ అంటే గాలి ఒత్తిడితో పొడిని (దీన్నే మీడియా అంటారు) నాజిల్ అనే సన్న మూతి నుంచి వస్తువు మీదికి కొట్టి రంగు, తుప్పు, మురికి ఊడదీయడం. బెంగళూరు పీణ్యలో మా షెడ్డుకు వచ్చే తెలుగువాళ్లూ, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లూ దాదాపు ఇవే అడుగుతుంటారు. పాత యెజ్డీ బైకులు బాగుచేసుకునే కుర్రాళ్లు, గాజు మీద డిజైన్లు వేసేవాళ్లు, పాత తలుపులు కొని అమ్మేవాళ్లు... వస్తువులు వేరు, అనుమానాలు మాత్రం అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనాలా, వద్దా?

లో-ప్రెజర్ అంటే లెక్కకు ఎంత?

ఉక్కు దూలాలకు, ట్యాంకర్లకు బ్లాస్టింగ్ కొట్టేటప్పుడు నాజిల్ దగ్గర 90 నుంచి 100 పీఎస్‌ఐ, అంటే 6-7 బార్ ఉంటుంది. అల్యూమినియం, ఇత్తడి, గాజు, చెక్క, మెత్తటి రాయి లాంటి వాటికి 1 నుంచి 3 బార్ మధ్య పని జరుగుతుంది. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. అయితే దెబ్బ తగిలేది ప్రెజర్ వల్ల కాదు, పొడి రేణువు వేగం వల్ల. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు అవుతుంది. ప్రెజర్ కాస్త పెంచితే ఏమవుతుందిలే అనుకోకూడదు అనేది ఇందుకే.

మా దగ్గర పెద్ద మెషీన్ ఉందన్నా. రెగ్యులేటర్ తిప్పి ప్రెజర్ తగ్గించుకుంటే చాలదా?

చాలామంది చేసేది ఇదే. చాలామందికి విసుగు పుట్టేదీ ఇక్కడే. పెద్ద పాట్ (పొడి నింపే ప్రెజర్ ట్యాంకు) కింద ఉండే, పొడిని వదిలే మీడియా వాల్వ్‌ను ముతక పొడి (గ్రిట్) దండిగా దిగడానికి తయారుచేస్తారు. ప్రెజర్ 1.5 బార్‌కు దించగానే గాలి బలం తగ్గుతుంది, పొడి మాత్రం అంతే దిగుతూ ఉంటుంది. హోస్‌లో పొడి పేరుకుని, కాసేపు ఆగి, ఒక్కసారిగా గుప్పుమని బయటికొస్తుంది. ఆ ఒక్క గుప్పుకే మెత్తటి అల్యూమినియం కవర్ మీద చెరిగిపోని మచ్చ పడుతుంది.

సున్నితమైన పనికి చేసిన మెషీన్‌లో అసలు సొత్తు ఆ వాల్వే. సన్నటి పొడిని, తక్కువ ప్రెజర్‌లో, చిన్న మోతాదులో, ఆగకుండా ఒకే తీరుగా వదలాలి. ఇది చేయలేని మెషీన్‌కు ఎన్ని గేజ్‌లు బిగించినా అది లో-ప్రెజర్ మెషీన్ కాదు. మీ పాట్‌కు సన్న పొడి కోసం వేరే మీటరింగ్ వాల్వ్ దొరికితే అది మార్చి చూడండి. దొరకకపోతే దాన్ని ఉక్కు పనికే ఉంచుకోండి.

నెలకు నాలుగైదు ముక్కలే వస్తాయి. కొనడం దండగేనా?

నన్నడిగితే దండగే. మెషీన్ ఒక్కటీ కొంటే సరిపోదు. కంప్రెసర్, ఎయిర్ డ్రైయర్, డస్ట్ కలెక్టర్, త్రీఫేజ్ కరెంటు అన్నీ దాని వెనకే వస్తాయి. పీణ్యలోగానీ, చెన్నై అంబత్తూరులోగానీ జాబ్‌వర్క్ షాపులకు కొదవ లేదు. ఏ పొడి, ఎంత ప్రెజర్ అని అడిగి, వాళ్లు కొడుతున్నప్పుడు పక్కనే నిలబడండి. "అవన్నీ మాకు తెలుసు, సాయంత్రం రండి" అంటే వేరే షాపు చూసుకోండి.

ఇంట్లో పాత పంచలోహ విగ్రహం నల్లబడింది. కొట్టిస్తే కొత్తదానిలా అవుతుందా?

అవుతుంది. ఆ పాతదనాన్నే మీరు పోగొట్టుకుంటారు. కంచు మీద ఏళ్లతరబడి ఏర్పడిన పొర కింది లోహానికి రక్షణ. కన్ను, పెదవి, ఆభరణాల సన్న గీతలు అన్నీ ఆ పొర లోతులోనే ఉంటాయి. ఎంత మెత్తటి పొడి వాడినా గీతల అంచులు అరుగుతాయి. పైగా నూరేళ్లు దాటిన విగ్రహం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అలాంటిది ఎవరైనా తెస్తే మేం ముట్టుకోం. కొత్త ఇత్తడి దీపపు కుందులైతే గుండ్రటి గాజు పూసలతో, అంటే సన్న గ్లాస్ బీడ్స్‌తో 2 బార్ లోపు కొట్టించుకోవచ్చు. మెరుపు పోయి పొగమంచు పట్టినట్టు మ్యాట్ ఫినిష్ వస్తుంది, అది ఇష్టమైతేనే.

మా ఊరి గుడి రాతి స్తంభాల మీద సున్నం పేరుకుపోయింది. మెషీన్ తీసుకెళ్లి కొట్టొచ్చా?

వద్దు. గ్రానైట్ గట్టిదే కానీ, ఉలి దెబ్బల ఆనవాళ్లు, శాసనం అక్షరాల అంచులు ఒక్క మిల్లీమీటరు లోతులో ఉండేవి. సున్నం పొర ఒకచోట మందం, ఒకచోట పలచన. మందం ఉన్నచోట ఊడేలోపు పలచగా ఉన్నచోట రాయిని పొడి తినేస్తుంది. నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, చెక్క పుల్ల, ఓపిక... వీటితో మొదలుపెట్టి, రాతి కట్టడాల సంరక్షణ తెలిసినవాళ్లను పిలవండి.

## ఏ పొడి వాడాలి?

దేనికి ఏ మీడియా అని ఒక్క మాటలో చెప్పరా?

ఒక్క మాట అంటే ఇది: తీయాల్సిన పొర కన్నా గట్టిగా, కింద ఉన్న వస్తువు కన్నా మెత్తగా ఉండే పొడి. ఖనిజాల గట్టిదనాన్ని మోస్ స్కేల్ మీద 1 నుంచి 10 వరకు కొలుస్తారు. వంటసోడా 2.5, సున్నపురాయి పొడి 3, వాల్‌నట్ చిప్పల పొడి, ప్లాస్టిక్ మీడియా 3-4, గ్లాస్ బీడ్స్ 5.5-6, గార్నెట్ 7-7.5, అల్యూమినియం ఆక్సైడ్ 9. పాలరాయి 3 దగ్గరే ఉంటుంది కాబట్టి దాని మీద గార్నెట్ కొడితే పెయింటుతో పాటు రాయీ పోతుంది.

ఇక ఆకారం. గ్లాస్ బీడ్ గుండ్రంగా ఉంటుంది, లోహాన్ని కోయకుండా తట్టి నునుపు చేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ పదునుగా ఉంటుంది, కోస్తుంది. యెజ్డీ క్రాంక్‌కేస్ కవర్‌కు, కార్బురేటర్ బాడీ బయటివైపుకు గ్లాస్ బీడ్ బాగా నప్పుతుంది. గాజు మీద డిజైన్‌కు 120 నుంచి 220 మెష్ (జల్లెడ అంకె, పెరిగేకొద్దీ పొడి సన్నన) అల్యూమినియం ఆక్సైడ్ కావాలి. ఫైబర్ బాడీ మీద పెయింట్ తీయడానికి ప్లాస్టిక్ మీడియా. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద మాత్రం స్టీల్ గ్రిట్ ఎప్పుడూ కొట్టకండి. ఇనుప రేణువులు అందులో ఇరుక్కుని, తర్వాత స్టెయిన్‌లెసే తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది.

ఇసుకే జల్లెడ పట్టి వాడుకుంటే డబ్బు మిగులుతుంది కదా?

ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా. నాజిల్ నుంచి వెళ్లి పగిలినప్పుడు కంటికి కనపడనంత సన్న ధూళి అవుతుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. దానికి మందు లేదు. మన కార్మిక చట్టాల్లో సిలికోసిస్ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో ఉంది. బ్రిటన్‌లో పోత వస్తువులను ఇసుకతో బ్లాస్టింగ్ చేయడాన్ని 1949 నాటి నిబంధనలతోనే ఆపేశారు. నది ఇసుక దొరకట్లేదని ఎం-శాండ్ తెస్తామంటారు కొందరు. అది గ్రానైట్‌ను పిండిచేసి తీసింది, అందులోనూ క్వార్ట్జ్ ఉంటుంది.

సోడా బ్లాస్టింగ్ అన్నిటికన్నా సురక్షితం అంటున్నారు, నిజమేనా?

కొన్నిటికి బ్రహ్మాండంగా ఉంటుంది. గాజు, రబ్బరు, పలచటి అల్యూమినియం మీద జిడ్డు, పెయింట్ తీసేసి కింది వస్తువును దాదాపు ముట్టుకోదు. నీళ్లలో కరుగుతుంది కాబట్టి ఇంజన్ భాగాల సందుల్లో మిగిలినా కడిగేయొచ్చు. కానీ తుప్పును తీయలేదు. బాగా కడగకుండా పెయింట్ వేస్తే పెయింట్ పట్టదు. టేకు లాంటి చెక్కను నల్లబరుస్తుంది. రాయిలో, ఇటుకలో ఇంకితే ఉప్పుగా పైకి తేలి పొట్టు రేపుతుంది. ఆవరణలో కొడితే పక్కనున్న మొక్కలు మాడిపోతాయి. ఒకసారి పగిలిన సోడా మళ్లీ పనికిరాదు, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి.

గార్నెట్ మన దగ్గరే దొరుకుతుంది కదా, అది చాలదా?

దొరుకుతుంది. శ్రీకాకుళం, తమిళనాడు తీరపు ఇసుకల్లో గార్నెట్ ఉంది. ఇనుప గ్రిల్స్‌కు, చాసిస్‌కు మంచి సరుకు. మెత్తటి వస్తువులకు మాత్రం గట్టిదే. సన్న మెష్ తీసుకుని 1.5 బార్ దగ్గర పోత ఇనుము మీద వాడుకోవచ్చు. అల్యూమినియం మీద వద్దు.

డ్రై ఐస్ గురించి చెప్పండి.

మైనస్ 78.5 డిగ్రీల గడ్డ కార్బన్ డయాక్సైడ్. తగలగానే ఆవిరైపోతుంది కాబట్టి ఊడ్చుకోవాల్సింది ఊడిన మురికే. అచ్చులు, కరెంటు ప్యానెళ్లు, ఆహార యంత్రాలు శుభ్రం చేయడానికి బాగుంటుంది. తుప్పు పోదు. గుళికలు నిల్వ ఉండవు, గాలి ఎక్కువ కావాలి, మూసిన గదిలో కొడితే ఊపిరాడదు. చిన్న షెడ్డుకు నేను సిఫారసు చేయను.

## మెషీన్, కంప్రెసర్

సక్షన్ క్యాబినెట్ మంచిదా, ప్రెజర్ పాట్ మంచిదా?

క్యాబినెట్ అంటే గ్లోవ్స్ లోంచి చేతులు దూర్చి పనిచేసే మూసిన పెట్టె. అందులోని సక్షన్ గన్ పొడిని కింది నుంచి గాలితో పీల్చుకుంటుంది. చౌక, సులువు, పొడి తిరిగి అందులోకే చేరుతుంది. 2 బార్ పైన బాగా పనిచేస్తుంది. అంతకన్నా దిగితే పీల్చే శక్తి తగ్గి ధార తడబడుతుంది. ప్రెజర్ పాట్‌లో పొడి మీద కూడా గాలి ఒత్తిడి ఉంటుంది, అందుకే 1 బార్ దగ్గరా ధార నిలకడగా వస్తుంది. గేజ్‌లో అదే అంకె ఉన్నా పాట్ దెబ్బ సక్షన్ కన్నా బాగా గట్టిది. మిత్రుడు సక్షన్ గన్‌తో 40 పీఎస్‌ఐ వాడాడని మీరు పాట్‌లో అదే పెట్టకండి.

చేతిలో పట్టే ఇంజన్ భాగాలు, దీపాలు, గాజు పలకలే మీ పని అయితే సక్షన్ క్యాబినెట్ చాలు. తలుపులు, పాలరాయి, పలచటి రేకు అయితే సన్న మీటరింగ్ ఉన్న చిన్న పాట్ తీసుకోండి.

వెట్ బ్లాస్టింగ్ అయితే దెబ్బ మెత్తగా ఉంటుందా?

మెషీన్‌ను బట్టి. మూసిన క్యాబినెట్‌లో నీళ్లు, సన్న బీడ్స్ కలిపి కొట్టేది నిజంగానే మెత్తన. అల్యూమినియం మీద వచ్చే నునుపు, నీళ్లు లేని బ్లాస్టింగ్‌లో రాదు, వేలిముద్రలూ తొందరగా పట్టవు. రాతి పని కోసం నీళ్లు, గాలి, సన్న సున్నపురాయి పొడిని సుడి తిప్పి వదిలే నాజిల్స్ కూడా ఉన్నాయి. దెబ్బ నేరుగా గుచ్చుకోకుండా జారుతూ తగులుతుంది. "డస్ట్‌లెస్" పేరుతో అమ్మే పెద్ద పాట్‌లు మాత్రం వేరు. అందులో నీళ్లు దుమ్మును అణచడానికే ఉన్నాయి.

ఇంట్లో 3 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది, నడుస్తుందా?

నడుస్తుంది, కాసేపు. హెచ్‌పీకి నిజంగా దక్కే గాలి సుమారు నిమిషానికి 3.5 ఘనపు అడుగులు, అంటే 3.5 సీఎఫ్‌ఎం. అంటే 3 హెచ్‌పీకి 10 చిల్లర. 3 ఎంఎం నాజిల్ 40 పీఎస్‌ఐ దగ్గర దాదాపు 9 తాగుతుంది. అంటే కంప్రెసర్‌కు ఊపిరి పీల్చుకునే సందు లేదు, వేడెక్కి నీళ్లు కక్కుతుంది. అదే 3 ఎంఎంకు 5 హెచ్‌పీ హాయిగా సరిపోతుంది. 6 ఎంఎం నాజిల్ అయితే గాలి నాలుగింతలు, 35 సీఎఫ్‌ఎం దాకా. నాజిల్ వ్యాసం రెండింతలైతే గాలి నాలుగింతలు అన్నది గుర్తుంటే షాపువాడి లెక్క మీరే సరిచూసుకోవచ్చు.

రెండు మెలికలు. కంప్రెసర్ ప్లేట్ మీద ఉండే డిస్‌ప్లేస్‌మెంట్ అంకె నమ్మకండి, ఎఫ్‌ఏడీ (నిజంగా బయటికొచ్చే గాలి) ఎంత అని అడగండి. సక్షన్ గన్‌లో గాలి ఖర్చు బయటి నాజిల్‌ను బట్టి కాదు, లోపలి చిన్న ఎయిర్ జెట్‌ను బట్టి ఉంటుంది.

బెంగళూరు ఎత్తు వల్ల తేడా వస్తుందా?

వస్తుంది. నగరం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి దాదాపు పదో వంతు పలచన. లెక్క సరిగ్గా సరిపోయేలా కాకుండా కొంచెం పెద్ద కంప్రెసరే తీసుకోండి.

చెన్నైలో పొడి గడ్డకడుతోంది, ఏం చేయాలి?

సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ఆ తేమను పిండి ట్యాంకులో నింపుతుంది. వేడిగా ఉన్నప్పుడు అది ఆవిరిగా దాటిపోయి, హోస్‌లో చల్లబడి నీరవుతుంది. అందుకే ఫిల్టర్ కంప్రెసర్ మూతి దగ్గర బిగిస్తే లాభం తక్కువ. గాలిని చల్లార్చి తేమ దింపే ఆఫ్టర్‌కూలర్ లేదా రిఫ్రిజిరేటెడ్ డ్రైయర్, దాని తర్వాత మెషీన్ పక్కనే వాటర్ సెపరేటర్ పెట్టండి. ట్యాంకు నీళ్లు రోజూ వదలండి. సంచి విప్పిన పొడిని మూత ఉన్న డబ్బాలోకి మార్చండి. సన్నపొడికి ఇంకా జాగ్రత్త కావాలి, ముతకది గడ్డకట్టదు, సన్నది ముద్దవుతుంది.

## షాపులో

కొనేటప్పుడు ఏం చూడాలి? బెంగళూరులో మెషీన్లు అమ్మే ఎస్‌జేపీ రోడ్‌లో అన్నీ ఒకలాగే కనిపిస్తున్నాయి.

మీ వస్తువు, మీరు వాడబోయే పొడి రెండూ పట్టుకెళ్లండి. అమ్మేవాడు ఇచ్చే తుప్పు రేకు మీద ఏ మెషీనైనా అద్భుతంగా కనిపిస్తుంది. 1.5 బార్‌లో ఐదు నిమిషాలు ఆపకుండా కొట్టమనండి. నల్ల కాగితం అతికించిన అట్ట మీద ధారను అడ్డంగా లాగితే, గీత అంతా ఒకే మందం ఉండాలి. మధ్యలో తెగినా, ఉబ్బినా వాల్వ్ బాగాలేదు.

తర్వాత గేజ్. 0-10 బార్ గేజ్ మీద 1 బార్, 1.3 బార్ తేడా కనపడదు. 0-4 బార్ గేజ్ బిగించి ఇవ్వమనండి. ట్రిగ్గర్ వదిలినప్పుడు కాదు, నొక్కినప్పుడు ముల్లు ఎక్కడుందో చూడండి. 2 నుంచి 1.2కు పడిపోతే రెగ్యులేటర్ గానీ, హోస్ గానీ చిన్నది. హోస్ లోపలి వ్యాసం నాజిల్‌కు మూడు నాలుగింతలు ఉండాలి. నాజిల్ దగ్గర అసలు ప్రెజర్ తెలియాలంటే హోస్‌కు గుచ్చే సూది గేజ్ ఉంటుంది, చిన్న ఖర్చే.

స్పేర్స్ గురించి ఏం అడగాలి?

నాజిల్, గ్లోవ్స్, క్యాబినెట్ అద్దం మీద అతికే ఫిల్మ్, మీడియా వాల్వ్ రబ్బరు. ఈ నాలుగూ అరుగుతాయి. బెంగళూరులోనే దొరుకుతాయా, ఎంతకు అని రాయించుకోండి. సిరామిక్ నాజిల్ చౌక కానీ తొందరగా అరుగుతుంది. బోరాన్ కార్బైడ్ ఖరీదైనా ఎక్కువకాలం వస్తుంది. 3 ఎంఎం నాజిల్ 3.5 అయ్యేసరికి గాలి ఖర్చు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. డ్రిల్ బిట్ దూర్చి చూసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ పాట్ తీసుకోవచ్చా?

క్యాబినెట్ అయితే తీసుకోండి. పాట్ అయితే అది ప్రెజర్ వెసెల్ (ఒత్తిడి గాలి నిండిన ట్యాంకు) అని మరవకండి. హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి చేసే ఒత్తిడి పరీక్ష) సర్టిఫికెట్, పనిచేసే సేఫ్టీ వాల్వ్, చేయి వదిలితే ఆగిపోయే డెడ్‌మ్యాన్ హ్యాండిల్ లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు. వెల్డింగ్ అతుకులు వేసిన పాట్‌ను చూడగానే వెనక్కి తిరగండి.

## పని మొదలయ్యాక

ఎంత ప్రెజర్‌తో మొదలుపెట్టాలి?

పాట్ అయితే 1 బార్, సక్షన్ గన్ అయితే ధార తడబడకుండా వచ్చే కనీస ప్రెజర్. కనపడని మూల మీద, అడుగు దూరం నుంచి, 45-60 డిగ్రీల ఏటవాలుగా. చాలకపోతే ముందు దగ్గరికి జరగండి, తర్వాత ప్రెజర్ కొంచెం పెంచండి, ఆ తర్వాతే పొడి మార్చండి. చేయి ఒకేచోట ఆగకూడదు.

మడ్‌గార్డ్ రేకు వంకరపోయింది. వేడి వల్లనా?

ఎక్కువగా వేడి కాదు. రేణువుల దెబ్బలకు ఒకవైపు పైపొర సాగుతుంది, రెండోవైపు సాగదు, రేకు ఉబ్బుతుంది. ప్రెజర్ తగ్గించండి, సన్న పొడి, ఏటవాలు ధార వాడండి. వెడల్పాటి పలచటి రేకుకు ప్లాస్టిక్ మీడియా లేదా సోడా మేలు.

ఇంజన్ భాగాలను గ్లాస్ బీడ్స్‌తో కొట్టొచ్చా?

బయటివైపు కొట్టొచ్చు. ఆయిల్ దారులు, బేరింగ్ సీట్లు, మరలు ఉన్న రంధ్రాలు రబ్బరు బిరడాలతో మూసి, గట్టి టేపు వేసి కొట్టండి. ఒక్క పూస ఆయిల్ దారిలో మిగిలినా బేరింగ్ తినేస్తుంది. తర్వాత వేడి సబ్బునీళ్లతో, సన్న బ్రష్ ప్రతి రంధ్రంలో దూర్చి కడిగి, గాలి కొట్టండి. క్రోమ్ ప్లేటింగ్ ఉన్నవాటిని క్యాబినెట్‌లోనే పెట్టకండి.

పెట్రోల్ ట్యాంకు?

ఆవిరి మిగిలిన ట్యాంకు పక్కన బ్లాస్టింగ్ అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పొడి రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది, నిప్పురవ్వ చాలు. ఖాళీచేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వాసన లేదని తేల్చుకున్నాకే మూతలు బిగించి కొట్టండి. హోస్, వస్తువు, మెషీన్ మూడూ ఎర్త్ అయి ఉండాలి.

పాత టేకు తలుపు మీద రంగు తీయాలి.

వాల్‌నట్ పొడి, 1.5 బార్ లోపు. చెక్కలో మెత్తటి భాగం ముందు అరిగి గీతలు లేస్తాయి, కొందరికి అదే నచ్చుతుంది కూడా. నచ్చనివాళ్లు చెక్కడం ఉన్నచోట మాత్రమే కొట్టి, సాదా భాగాన్ని స్క్రేపర్‌తో తీసుకోవడం మంచిది. పాత రంగులో సీసం ఉంటుందనే అనుకుని పనిచేయండి. ఇంటి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఊడిన రంగును మురికికాలువలో కలపకండి.

ఎన్95 మాస్క్ చాలదా?

మూసిన క్యాబినెట్, బాగా లాగే డస్ట్ కలెక్టర్ ఉంటే, పొడి మార్చేటప్పుడు అది పనికొస్తుంది. బయట పాట్‌తో కొడితే చాలదు. బయటి శుభ్రమైన గాలి పైపుతో వచ్చే హుడ్ కావాలి. ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్‌ను క్యాబినెట్‌కు తగిలించేవాళ్లున్నారు. దాని ఫిల్టర్ పెద్ద దుమ్ము ఆపి, ప్రమాదకరమైన సన్నదాన్ని గదిలోకే వదులుతుంది. చెవులకు మఫ్‌లు తప్పవు, నాజిల్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టాలనుకునేవాళ్లకూ ఈ దుమ్ము, శబ్దం చూసి నా జవాబు వద్దనే.

అల్యూమినియం దుమ్మును, చెక్క దుమ్మును ఒకే కలెక్టర్‌లోకి పంపొచ్చా?

పంపకండి. రెండూ మండే దుమ్ములే. అదే కలెక్టర్‌లో ఇనుము గ్రైండింగ్ రవ్వలు కూడా పడితే అంటుకుంటుంది. పని మారినప్పుడల్లా సంచి ఖాళీచేయాలి.

కొట్టిన ఇనుము మర్నాటికే ఎర్రబడింది. పొడి నకిలీదా?

పొడి తప్పు కాదు. కొట్టాక ఇనుము పచ్చిగా ఉంటుంది. చెన్నైలో గంటల్లోనే తుప్పు మొదలవుతుంది, బెంగళూరు వానాకాలంలోనూ అంతే. అదే రోజు ప్రైమర్ వేయండి. ఈలోపు వట్టి చేత్తో పట్టుకోకండి, వేళ్ల చెమట తగిలిన చోటే ముందు మరక పడుతుంది. గ్లాస్ బీడ్ కొట్టిన అల్యూమినియం మీద కూడా వేలిముద్ర అలాగే నిలిచిపోతుంది, నూనె లేని కొత్త గ్లోవ్స్ వేసుకుని పట్టుకోండి.